రేవులో కట్టేసిన కారు

తప్పంతా ‘బండి’ అనే మాటలో ఉంది. ఆ మాట రాసింది సత్యవేణి, రాయమన్నది ఆమె తండ్రి ఓలేటి నూకరాజు, చదివింది ప్రభుత్వం. రాసేటప్పుడు తండ్రీకూతుళ్ళిద్దరూ చదివేవాళ్ళ సంగతి ఆలోచించలేదు.

నూకరాజుది కాకరమెరక లంక. చుట్టూ గోదావరి, మధ్యలో మూడొందల గడప, కొబ్బరి, అరటి, మేడ ఉన్న బడి ఒకటి. లంకలో రోడ్డు లేదు, అందుచేత బండ్లూ లేవు. అంత మంచి మాట ఊరికే పడి ఉండడం ఎందుకని అక్కడివాళ్ళు పడవనే బండి అంటారు. “బండి వచ్చిందా?” అని అడిగితే రేవుకేసి చూస్తారు. “బండి తిరగబడింది” అంటే ఈత వచ్చినవాళ్ళంతా పరిగెడతారు. తాతల నాటినుంచీ ఈ మాటతో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

నూకరాజు ముప్పై ఏళ్ళుగా పడవ ఇంజన్లు బాగుచేస్తున్న మెకానిక్కు. పంచాయతీ పడవకి ఉన్నది పొలానికి నీళ్ళు తోడే పాత డీజిలు ఇంజను. వేసవిలో అది ముప్పావుగంటలో అవతలి ఒడ్డుకి చేరుస్తుంది. ఆగస్టు వరదలో కూడా అవతలి ఒడ్డుకే చేరుస్తుంది గానీ, ఏ ఊరి ఒడ్డుకన్నది దాని చేతిలో ఉండదు. కిందటేడు పురిటినొప్పులతో ఎక్కిన ఒకావిడ ఆసుపత్రి రేవులో దిగాల్సింది, నాలుగు కిలోమీటర్ల దిగువన ఇటుకబట్టీల దగ్గర దిగింది. దిగేటప్పటికి చేతిలో పిల్లాడున్నాడు. వాడికి వరదయ్య అని పేరు పెట్టి ఊరంతా నవ్వేసుకుంది. నూకరాజు నవ్వలేదు. ఆ రోజు పడవ నడిపింది అతనే. ఆ తల్లి పట్టుకున్న చోట పడవ అంచు మీద గోళ్ళ గీతలు ఇంకా కనిపిస్తున్నాయి.

ఈ ఏడు సత్యవేణికి తొలిచూలు. నెలలు లెక్కేస్తే సరిగ్గా ఆగస్టు రెండో వారం తేలింది. గోదావరి కూడా ఏటా ఆ వారమే చూసుకుని వస్తుంది. “పోనీ అల్లుడుగారి ఊళ్ళోనే ఉంచేద్దామా?” అని నూకరాజు అన్నాడు.

“తొలికాన్పు పుట్టింట్లో కాకపోతే నలుగురూ నా మొహమ్మీద ఉమ్మేత్తారు,” అంది భార్య మాణిక్యం. అంతటితో ఆ చర్చ ముగిసింది. ఇక మిగిలింది మంచి ఇంజను ఒకటి సంపాదించడమే.

అది దానంతటదే వచ్చింది. అవతలి ఒడ్డున రొయ్యల చెరువులున్న రామభద్రరాజుగారు, రొయ్యకి ధర పలికిన ఏడాది, ఒక విదేశీ కారు తెప్పించారు. ఎర్రటిది, ఇద్దరే కూర్చునేది, గంటకి మూడొందల కిలోమీటర్లు పోయేది. మన రోడ్ల గోతుల్లో అది ఏనాడూ ముప్పై దాటలేదు. దాటిన మొదటి రోజే పంటకాలవలో పడింది. రాజుగారి చెయ్యి బెణికింది, కారు అప్పడంలా నలిగింది, ఇంజనుకి మాత్రం గీత పడలేదు. కారుని కాలవలోంచి లాగడానికి వెళ్ళిన నూకరాజు ఆ ఇంజనుని చూసి అక్కడే నిలబడిపోయాడు.

“ఏమోయ్ నూకరాజూ, అలా చూస్తావేం? పట్టుకుపో. దాని మొహం చూపించొద్దంటోంది మా ఆవిడ,” అన్నారు రాజుగారు. కాగితాల మీద సంతకం పెట్టి మరీ ఇచ్చేశారు.

నూకరాజుకి సొంతంగా టేకు పడవ ఒకటి ఉంది. కారు ఇంజనుని అందులో పెట్టడమంటే ఇక్కడ ఎత్తి అక్కడ దించడం కాదు. రోడ్డు మీద ఇంజనుకి ఎత్తూ ఉంటుంది, పల్లమూ ఉంటుంది, పల్లంలో కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. పడవలో దానికి బతుకంతా ఎత్తే. కారులో ఎదురుగాలి తగిలి చల్లబడుతుంది, పడవలో పెట్టెలో కూర్చుని ఉడికిపోతుంది. గోదావరి నీళ్ళు నేరుగా లోపలికి పంపుదామంటే, వారం తిరక్కుండా ఇంజనులో ఒండ్రు పేరుకుని అరటిపిలకలు నాటుకోవచ్చు. అందుకని నూకరాజు రాగి గొట్టాలు చుట్టలు చుట్టి, గొట్టాల్లో మంచినీళ్ళు, వాటి చుట్టూ ఏటినీళ్ళు తిరిగేలా అమర్చాడు. పొగగొట్టానికీ నీటి తొడుగు వేశాడు. ఇంజను తిరిగినంత జోరుగా నీటి పంకా తిరిగితే నురగ వస్తుంది గానీ పడవ కదలదని, మధ్యలో వేగం తగ్గించే గేర్లపెట్టె బిగించాడు.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఒక చిన్న గాలి మోటారు. పెట్రోలు ఆవిరి కారులోనయితే కిందనుంచి పోతుంది, పడవలో అడుగున చేరి కూర్చుంటుంది. ఒక్క నిప్పురవ్వ పడితే పడవా ఉండదు, మనుషులూ ఉండరు. తాళం తిప్పే ముందు ఆ మోటారు నాలుగు నిమిషాలు తిరిగి ఆవిరిని బయటికి తోలెయ్యాలి. ఇది నూకరాజు తనకి తాను పెట్టుకున్న రూలు. మర్చిపోకుండా షెడ్డు గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు కూడా.

జూన్ మొదట్లో తొలిసారి నడిపి చూశాడు. ఆరు నిమిషాల్లో అవతలి ఒడ్డు వచ్చేసింది. మాణిక్యం తల్లోని కనకాంబరాలు ఇవతలి ఒడ్డునే ఉండిపోయాయి.

ఇక కావలసింది అనుమతి. నూకరాజు చెబుతుంటే ఇంటరు చదివిన సత్యవేణి గుండ్రటి అక్షరాలతో రాసింది: “కారు ఇంజను బిగించిన మా బండిని గోదావరిలో నడుపుకొనుటకు అనుమతి ఇప్పించవలసినదిగా ప్రార్థన.” కింద ఇంజను నంబరు కూడా వేసింది. నంబరు వేస్తే నమ్మకంగా ఉంటుందని ఆమె ఉద్దేశం.

*

రేవుల శాఖ అధికారి పినాకపాణిగారు ఆ దరఖాస్తుని కళ్ళజోడుతో ఒకసారి, కళ్ళజోడు లేకుండా ఒకసారి చదివారు.

“బండి అనగానేమి?”

“బండేనండి. రేవులో కట్టేసుందండి.”

“నదిలో బండి నడుపుటకు మా శాఖలో నమూనా పత్రము లేదు.”

“పడవేనండి బాబూ. మా లంకలో అలా అంటారండి. ఇటివ్వండి, కొట్టేసి రాసేత్తాను.”

పినాకపాణిగారు కాగితాన్ని గుండెకి హత్తుకున్నారు. “ఇది స్వీకరించబడిన దరఖాస్తు. స్వీకరించబడిన దరఖాస్తును దిద్దరాదు. పైగా నువ్వు వేసిన ఇంజను నంబరు వాహన శాఖవారి దస్త్రములలో ఒక మోటారు కారుగా సజీవముగా ఉన్నది. అది అక్కడ జీవించి ఉండగా మేము ముట్టుకొనజాలము.”

నూకరాజు వాహన శాఖకి వెళ్ళాడు. అక్కడ పరీక్షాధికారి విరూపాక్షరావుగారు. పాతికేళ్ళుగా బండ్లు పరీక్షించి, మనుషుల్ని కూడా టైర్ల దగ్గర్నుంచి పైకి చూడడం అలవాటైపోయిన మనిషి. ఆయన కంప్యూటర్లో నంబరు కొట్టగానే ఎర్రకారు బొమ్మ వచ్చింది.

“రంగు ఎరుపు, సీట్లు రెండు, చక్రాలు నాలుగు. నువ్వు బాడీ మార్చావన్నమాట.”

“బాడీ మార్చడం కాదండి, ఆ కారు పోయిందండి. ఇది పడవండి.”

“నూకరాజూ, మనిషికి ప్రాణం ఎక్కడుంటుంది?”

“గుండెలోనండి.”

“ఆ గుండె తీసి ఇంకొకడికి పెడితే?”

“ఆ ఇంకొకడు బతుకుతాడండి.”

విరూపాక్షరావుగారికి ఈ జవాబు నచ్చలేదు. “ఆసుపత్రిలో అలా. శాఖాపరంగా అలా కాదు. శాఖాపరంగా ఇంజను ఎక్కడుంటే కారు అక్కడున్నట్టు. నీ దగ్గరున్నది టేకు చెక్క బాడీ గల మోటారు కారు. దాన్ని రికార్డు ప్రకారం తయారుచేసి పరీక్షకి తీసుకురా. ట్రాలీ మీద వేసుకొస్తే ఒప్పుకోను. కారన్నది స్వశక్తితో రావాలి.”

“నీళ్ళలో తిరిగేదానికి చక్రాలెందుకండి?”

“నీళ్ళలో ఎందుకని నన్నడుగుతావేం? కారుని నీళ్ళలోకి తీసుకెళ్ళింది నువ్వు!”

నూకరాజు ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. సత్యవేణి తండ్రి పక్కన మెల్లగా కూర్చుంది. “నా రాత వల్లే కదా నాన్నా ఇదంతా,” అంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

“నీ రాత బాగానే ఉందమ్మా. ఆళ్ళ చదువే బాలేదు,” అన్నాడు నూకరాజు. మర్నాడు పాత జీపు ఇరుసులు వెతకడానికి బయల్దేరాడు.

ఇరుసులు దొరికాయి. చక్రాలకి ఇంజను నుంచి గొలుసు పడింది. పడవ ఎర్రబడింది. కుర్చీలు రెండే మిగిలాయి, వాటికి బెల్టులు వచ్చాయి. ముందూ వెనకా నంబరు పలకలు, కుడి ఎడమలకి మిణుకు దీపాలు, హారను, స్టెప్నీ చక్రం అన్నీ వచ్చాయి. అద్దం తుడిచే కర్ర ఉండాలన్నారు గనక, తుడవడానికి ఒక అద్దం పెట్టాల్సి వచ్చింది. కారు అడుగున నీళ్ళు నిలవకుండా కన్నాలుండాలని ఒక నిబంధన బయటపడ్డప్పుడు మాత్రం నూకరాజు ఒక పూట అన్నం తినలేదు. తర్వాత లేచి వెళ్ళి కన్నం పెట్టాడు. దానికి బిరడా కూడా పెట్టాడు. బిరడా గురించి నిబంధనలో ఏమీ లేదు.

పరీక్ష రోజున పడవ పంటు అనే బల్లకట్టు మీద ఏరు దాటి, స్వశక్తితో, పట్నం నడివీధిలోంచి వెళ్ళింది. కూడలిలో ఎడమవైపు దీపం మిణుకుమిణుకుమనిపిస్తూ ఎడమకి తిరిగింది. రోడ్డు మీద తెప్పోత్సవం చేస్తున్నారనుకుని ఇద్దరు ముసలమ్మలు చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు. మైదానంలో ఎనిమిది అంకె వేయమంటే నూకరాజు తెడ్డు వేసినంత సునాయాసంగా వేశాడు. విరూపాక్షరావుగారు టైర్ల దగ్గర్నుంచి పైకి చూసుకుంటూ వచ్చి, లంగరు దగ్గర ఆగారు.

“ఇదేమిటి?”

“చేతిబ్రేకండి.”

“రెండున్నాయే!”

“కొండల్లోకి ఎల్తే అవసరమౌద్దని పెట్టానండి.”

ఆ ముందుచూపుకి విరూపాక్షరావుగారు ఎంతో సంతోషించి అక్కడికక్కడే ముద్ర వేసిచ్చారు.

నెల తిరిగేసరికి మాణిక్యం చౌకడిపో నుంచి ఖాళీ సంచితో వచ్చింది. “తెల్లకార్డు తీసేశారంట! మనకి ఫారిన్ కారుందంట! ఏదయ్యా ఆ కారు? నేను ఎక్కని కారు మనింట్లో ఎక్కడుంది?” అని వీధిలోనే నిలదీసింది. నూకరాజు వేలెత్తి రేవుకేసి చూపించాడు. ఆ రోజునుంచి లంకలో వాళ్ళకి ‘కారున్నవాళ్ళు’ అని పేరు పడిపోయింది. బియ్యం మాత్రం మళ్ళీ రాలేదు.

*

ముద్ర ఉన్న కాగితం పట్టుకుని నూకరాజు మళ్ళీ రేవుల శాఖకి వెళ్ళాడు. ఈసారి పినాకపాణిగారు కుర్చీ చూపించారు.

“శుభం. మొన్న నువ్వు బండివాడివి, నమూనా లేకపోయె. ఇప్పుడు కారు యజమానివి. నదిని దాటు మోటారు కార్లకు మా శాఖలో నమూనా కలదు.” గొంతు సవరించుకుని చదివారు. “మోటారు వాహనములు నదిని పంటు మీద మాత్రమే దాటవలెను. దాటునపుడు ఇంజను ఆపి, చేతిబ్రేకు వేయవలెను. ప్రయాణికులు దిగి పక్కన నిలబడవలెను.”

పంటు అంటే రెండు పెద్ద నావల్ని జతకట్టి పైన పలకలు పరిచినది. కార్లూ, ట్రాక్టర్లూ, గేదెలూ దాని మీదే ఏరు దాటుతాయి. అది గంటసేపు దాటుతుంది.

ఆ విధంగా ఆ గోదావరి మీద అన్నిటికన్నా జోరైన పడవ, ఒక ట్రాక్టరుకీ మూడు గేదెలకీ మధ్య, చేతిబ్రేకు వేసుకుని, పంటు మీద ఏరు దాటడం మొదలుపెట్టింది. నూకరాజు దిగి పక్కన నిలబడేవాడు.

“ఏం నూకరాజన్నా, దీనికి ఈత రాదా?” అనేవాడు పంటు సరంగు.

“వచ్చురా. పర్మిషను లేదు.”

వినేవాళ్ళకి నవ్వులాటగా ఉండేది గానీ, నూకరాజుకి రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. పంటు వరద రెండో హెచ్చరిక వస్తే అసలు కదలదు. అది కూడా పినాకపాణిగారి ఉత్తర్వే. సత్యవేణికి తొమ్మిదో నెల నడుస్తోంది. ఆసుపత్రి ఎదురుగా కనిపిస్తూనే ఉంది, దాని మేడ మీద ఆరేసిన దుప్పట్లు కూడా లెక్కపెట్టొచ్చు.

అతను మళ్ళీ అర్జీ పెట్టాడు. ఈసారి సత్యవేణి ‘బండి’ అనలేదు, ‘పడవ’ అనలేదు, ‘కారు’ అనలేదు, పదకొండు వరుసలూ ‘సదరు వస్తువు’ అనే రాసింది. ఆ మాట పైవాళ్ళ మనసు కరిగించింది. రెండు శాఖలనీ కలిపి ‘వాహన స్వభావ నిర్ధారణ సంయుక్త సంఘం’ ఏర్పడింది. సభ్యులు పినాకపాణిగారూ, విరూపాక్షరావుగారూ. కాగితాల కట్ట మొయ్యడానికి బంట్రోతు గవర్రాజు. సంఘం లంకకి స్వయంగా వచ్చి విచారణ జరిపే తేదీ ఆగస్టు రెండో వారంలో పడింది.

*

ఆ రోజు పొద్దున్నే పంటు సంఘాన్ని దింపి వెనక్కి వెళ్ళింది. బడి వసారాలో బల్ల వేసి విచారణ మొదలుపెట్టారు. వాన పడుతోంది. నీళ్ళు ఎర్రగా, రేవు మెట్లు ఒక్కొక్కటీ మింగుతూ వస్తున్నాయి.

“సదరు వస్తువునకు చక్రములు కలవు, కావున కారు,” అన్నారు విరూపాక్షరావుగారు.

“సదరు వస్తువు తేలును, కావున పడవ కాదనజాలము. అలాగని ఔననజాలము,” అన్నారు పినాకపాణిగారు.

ఇలా పదకొండు గంటలదాకా సాగింది. అప్పుడు మాణిక్యం వానలో తడుస్తూ పరిగెత్తుకొచ్చింది. “ఏవయ్యో, పిల్లకి నొప్పులొచ్చేశాయి! ఉమ్మనీరు పోయింది!”

నూకరాజు విచారణ మధ్యలోంచి లేచాడు.

“పంటు పిలిపిస్తాను,” అన్నారు పినాకపాణిగారు దయతో. ఫోను చేశారు. అవతలనుంచి గుమాస్తా గొంతు అందరికీ వినబడింది. “రెండో హెచ్చరిక వచ్చిందండి. పంటు కట్టేశామండి, మీ ఉత్తర్వేనండి. రద్దు చెయ్యాలంటే తమరు ఇక్కడికి వచ్చి సంతకం పెట్టాలండి.”

ఆయన ఫోను జేబులో పెట్టేసుకున్నారు. నీళ్ళు బడి మొదటి మెట్టు ఎక్కాయి.

నూకరాజు అప్పటికే రేవు వాలులో పడవకి చేతిబ్రేకు తీసేశాడు. చక్రాలు జీవితంలో మొదటిసారి ఒక పనికొచ్చాయి: పడవ దానంతటదే జారి నీళ్ళలో పడింది. సత్యవేణిని నలుగురు ఆడవాళ్ళు మోసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె పెదవి కొరుక్కుంటోంది, తండ్రి చెయ్యి మాత్రం వదలడం లేదు. నూకరాజు గాలి మోటారు మీట నొక్కి గడియారం చూశాడు.

“తాళం తిప్పవయ్యా!” అని అరిచింది మాణిక్యం.

“నాలుగు నిమిషాలు.”

“పిల్ల చచ్చిపోతోందయ్యా!”

“నాలుగు నిమిషాలాగకపోతే అందరం పోతామే. ఇది నా రూలు.” అతని చెయ్యి తాళం మీదికి పోలేదు. ఈ కథలో అందరూ తలో రూలూ పెట్టారు. మనుషులు బతకడం కోసం పెట్టింది ఇదొక్కటే, అది పాటించడమే అతనికి అన్నిటికన్నా కష్టమైంది.

ఆ నాలుగు నిమిషాల్లో సంఘం మోకాళ్ళ లోతు నీళ్ళలో రేవుకి దిగొచ్చింది. మాణిక్యం కూతురి వెనక పడవలోకి ఎక్కుతుంటే విరూపాక్షరావుగారు అలవాటు కొద్దీ చెయ్యి అడ్డం పెట్టారు. “సీట్లు రెండే! ముగ్గురైతే ఓవర్‌లోడు.”

“లోపల ఇంకో మనిషుంది, అది కూడా లెక్కేసుకోండి!” అంటూ మాణిక్యం ఆయన చెయ్యి తోసుకుని ఎక్కేసింది.

అప్పుడే వెనక బడి దగ్గర నీళ్ళు రెండో మెట్టు ఎక్కాయి. ఇద్దరు అధికారులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండు నెలల్లో మొదటిసారి వాళ్ళకి ఏకాభిప్రాయం కుదిరింది.

“ఇది పడవే,” అన్నారు పినాకపాణిగారు.

“నిస్సందేహముగా పడవ. పదిమంది పడతారు,” అన్నారు విరూపాక్షరావుగారు. గవర్రాజు వీపు మీద కాగితం పెట్టి, అక్కడికక్కడే తీర్మానం రాసి ఇద్దరూ సంతకాలు చేశారు.

నూకరాజు దాన్ని వానలో పట్టుకుని చూశాడు. “ముద్రేదండి?”

“ముద్ర ఆఫీసులో ఉంది.”

“ముద్ర లేని కాగితం తమ శాఖల్లో చెల్లదు కదండీ. తమరు మేడెక్కి కూర్చోండి. మళ్ళీ వత్తాను.” నాలుగు నిమిషాలు పూర్తయ్యాయి. తాళం తిప్పాడు.

రామభద్రరాజుగారి కారు, పుట్టి బుద్ధెరిగాక రెండోసారి, గోతుల్లేని దారి మీద పరిగెత్తింది. వరద దాన్ని దిగువకి నెట్టాలని చూసింది గానీ, నెట్టలేకపోయింది. మధ్య ఏట్లో ఒక దుంగ ఎదురైతే నూకరాజు ఏమీ ఆలోచించకుండా హారను కొట్టి, కుడివైపు దీపం వేసి మరీ తప్పుకున్నాడు. సత్యవేణికి అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది. ఏడో నిమిషానికి ఆసుపత్రి రేవు వచ్చింది.

ఆసుపత్రి ద్వారం దగ్గర పుస్తకం పెట్టుకున్న గుమాస్తా ఉన్నాడు. సత్యవేణిని లోపలికి తీసుకెళ్ళాక నూకరాజుని ఆపాడు.

“ఎందులో వచ్చారు? ఆటోనా, అంబులెన్సా, సొంత కారా?”

“పడవలోనండి.”

“పడవకి గడి లేదు. ఈ మూడిట్లో చెప్పండి.”

నూకరాజు చొక్కా నీళ్ళు పిండుకున్నాడు. ఆఫీసువాళ్ళకి ఏం చెబితే నచ్చుతుందో అతనికి ఇన్నాళ్ళకి తెలిసొచ్చింది. “సొంత కారండి.”

గుమాస్తా రాసుకుని, కిటికీలోంచి బయటికి చూశాడు. “కారు ఎక్కడ పెట్టారు? గేటుకి అడ్డంగా పెట్టకూడదు.”

“లేదండి. రేవులో కట్టేశానండి.”

అరగంటకి లోపల్నుంచి ఒక ఏడుపు వినబడింది. చిన్నదే గానీ కోపంగా, ప్రాణంతో ఉన్నది. నూకరాజు గోడకి తలానించి తనూ ఏడ్చాడు. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం.

తర్వాత మొహం తుడుచుకుని సంఘం కోసం వెనక్కి వెళ్ళాడు. వాళ్ళు బడి మేడ మీదున్నారు, నీళ్ళు మెట్ల సగందాకా వచ్చాయి. రికార్డు ప్రకారం డ్రైవరు కాక ఒక్కరే ఎక్కాలి, నూకరాజు ఆ సంగతి మర్యాదగా గుర్తు చేశాడు. ముందు ఎవరన్నది ఇద్దరిలో ఎవరు సీనియరన్న దాన్ని బట్టి తేలాలి. సీనియారిటీ జాబితా ఆఫీసులో ఉంది. వాళ్ళు తేల్చుకుంటుండగా గవర్రాజు కాగితాల కట్ట అక్కడే వదిలేసి, వచ్చి కుర్చీలో కూర్చుని బెల్టు పెట్టేసుకున్నాడు. రెండో విడత పినాకపాణిగారు, నదిలో తానే సీనియరని చెప్పి వచ్చేశారు.

విరూపాక్షరావుగారు ఆఖరున వచ్చారు. బెల్టు బిగించుకుని, ఒళ్ళో చెప్పులు పెట్టుకుని, సగం ఏరు దాటేదాకా పడవ అంచు పట్టుకుని కూర్చున్నారు. నీళ్ళ తుంపర మొహానికి కొడుతోంది. అద్దం మీద కర్ర అటూ ఇటూ తుడుస్తోంది.

“మీ అమ్మాయికి ఎలా ఉంది?” అని అడిగారు.

“ఆడపిల్లండి. మీ దయ.”

ఆయన ఒళ్ళోని చెప్పులు సర్దుకున్నారు. “పడవ చాలా బాగుందయ్యా, నూకరాజూ,” అన్నారు మెల్లగా.

“కారండి,” అన్నాడు నూకరాజు.

*

వరద తీశాక ఉత్తర్వు వచ్చింది. “మొన్నటి వరదయందు నాలుగు చక్రములు గల పడవ మాత్రమే నదిని విజయవంతముగా దాటినట్లు సంయుక్త సంఘము ప్రత్యక్షముగా గమనించినందున, ఇకమీదట జిల్లాయందలి సమస్త పడవలకు నాలుగు చక్రములు, ఒక స్టెప్నీ విధిగా అమర్చవలెను.” ఏటికి అటూ ఇటూ ఉన్న పడవలవాళ్ళంతా నూకరాజు షెడ్డు ముందు వరస కట్టారు. అతన్ని తిట్టినవాళ్ళు తిట్టారు, చక్రాలు మాత్రం బిగించుకుపోయారు.

నెల తర్వాత విరూపాక్షరావుగారు తనిఖీకి లంకకి వచ్చారు. నూకరాజు పడవ రేవులో ఉంది. కింద ఇరుసులు లేవు. టైర్లు నాలుగూ, ఒడ్డుకి కొట్టుకోకుండా, రెండువైపులా తాళ్ళతో వేలాడుతున్నాయి. ఆయన టైర్ల దగ్గర్నుంచి పైకి చూశారు, లెక్కపెట్టారు. నాలుగు.

“స్టెప్నీ ఏది?”

నూకరాజు ఆయన్ని ఇంటి వసారాలోకి తీసుకెళ్ళాడు. దూలానికి తాళ్ళతో ఐదో టైరు అడ్డంగా వేలాడుతోంది. మధ్యలో మాణిక్యం పాత నేతచీర పరిచింది. అందులో మనవరాలు పిడికిళ్ళు బిగించి నిద్రపోతోంది. సత్యవేణి నోటి మీద వేలు పెట్టుకుని, మాట్లాడొద్దని సైగ చేసింది.

విరూపాక్షరావుగారు చెప్పులు విడిచారు. సంచిలోంచి పుస్తకం తీసి, ‘స్టెప్నీ: వాడుకలో ఉన్నది’ అని రాశారు. తర్వాత ముద్ర తీసి, నోటితో ఆవిరి పట్టి, చప్పుడు కాకుండా వేశారు.